వీడియో గేములు: కన్సోలు, హోమ్ కంప్యూటరు (కోలారు – కేజీఎఫ్ ప్రాంతం)

ఇంట్లో వీడియో గేములు ఆడించే యంత్రాలు మొదట్లో రెండు తెగలు. ఆట కోసమే తయారై టీవీకి తగిలించుకునేది కన్సోలు. లెక్కలు, రాతపని, ప్రోగ్రాములతో పాటు ఆటలకూ పనికొచ్చేది హోమ్ కంప్యూటరు. రెండింటిలో ఏది మేలన్న వాదం అమెరికా, బ్రిటన్, జపాన్‌లలో యంత్రశక్తి, ధర చుట్టూ నడిచింది. మన దేశంలో దాన్ని తేల్చినవి వేరు: ఒకటి దిగుమతి సుంకం, రెండోది ‘ఇది చదువుకు పనికొస్తుందా?’ అని ఇంట్లో పెద్దలు అడిగే ప్రశ్న. కోలారు జిల్లా వంటి చోట్ల ఈ రెండో దాని బరువే ఎక్కువ.

రాల్ఫ్ బేర్ రూపకల్పన నుంచి వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీ 1972లో అమ్మకానికి వచ్చిన మొదటి ఇంటి కన్సోలు. 1977లో అటారీ కన్సోలు, ఆపిల్ 2 కంప్యూటరు ఒకే ఏడాది బజారుకొచ్చాయి. 1982లో 595 డాలర్లకు విడుదలైన కమోడోర్ 64 ధర మరుసటి ఏడాదికే 200 డాలర్ల దరిదాపులకు దిగింది. అంత చవగ్గా కంప్యూటరే దొరుకుతుంటే ఆటలపెట్టె దేనికని అమెరికాలో చాలామంది అనుకున్నారు. 1983లో అక్కడ కన్సోళ్ళ వ్యాపారం కుప్పకూలడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆ జూలైలోనే జపాన్‌లో నింటెండో ‘ఫ్యామికామ్’ విడుదలైంది.

ఫ్యామికామ్‌లో పని చేసే మెమరీ 2 కిలోబైట్లే. కమోడోర్‌కు 64. అయినా ‘సూపర్ మారియో’ తెర అంత నున్నగా పక్కకు జరిగిందంటే అది బొమ్మలు గీయడానికే విడిగా పెట్టిన చిప్పు చలవ. ఆఫీసు పనికి పుట్టిన ఐబీఎం తరహా పీసీలో అలాంటి ఏర్పాటు లేదు. 1990లో అమెరికా ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ తెరంతా కాకుండా మారిన భాగాన్నే మళ్ళీ గీసే ఉపాయంతో పీసీ మీద మారియో 3 నమూనా నడిపించాడు. పీసీలో ఆ ఆట వద్దని నింటెండో తిరస్కరిస్తే, అతని బృందం ఆ ఏడాది డిసెంబరులో ‘కమాండర్ కీన్’, 1993లో ‘డూమ్’ తెచ్చింది. పీసీ ఆటల యంత్రమైంది అప్పుడే అనాలి.

ఇక మన సంగతి. 1984లో బడుల్లో కంప్యూటరు నేర్పే ‘క్లాస్’ పథకం కింద దేశంలో దాదాపు 250 బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వెళ్ళాయి. 1986లో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ బ్రిటన్ హోమ్ కంప్యూటరు స్పెక్ట్రమ్‌కు లైసెన్సు తీసుకుని ‘డీబీ స్పెక్ట్రమ్’ పేరుతో ఇక్కడ అమ్మింది. దానికి మామూలు టేప్‌రికార్డరు జతచేసి, క్యాసెట్ నుంచి ఆట ఎక్కించుకోవాలి. నాలుగైదు నిమిషాలు పట్టేది. మధ్యలో కరెంటు పోయిందా, మళ్ళీ మొదటికే. శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి 1902లోనే బంగారు గనులకు కరెంటు అందుకున్న కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్)లో దీన్ని గుర్తుచేసుకోవడం అవసరం: యంత్రం నాణ్యత ఎంతైనా, ఆడేది మాత్రం తీగలో కరెంటు ఉన్నంతసేపే.

1980ల చివర్లో ‘సమురాయ్’ వచ్చింది. అది ఫ్యామికామ్ నకలు. ‘లిటిల్ మాస్టర్’ కూడా అలాంటిదే. మీట నొక్కగానే ఆట మొదలవుతుంది, చిన్నపిల్లలైనా నేర్చుకుంటారు. ‘9999 ఇన్ 1’ అని రాసిన ఆటల క్యాసెట్ (కార్ట్రిడ్జి)లో నిజంగా ఉన్నవి కొద్ది ఆటలే అయినా, కాంట్రా, మారియో మన పల్లెలకూ చేరింది ఈ నకళ్ళ వల్లే. అసలు కంపెనీల సరుకు మనవాళ్ళకు అందుబాటులో లేదు. 80 శాతం దిగుమతి సుంకాన్ని తప్పించుకోవడానికి జపాన్ కంపెనీ సెగా 1995లో ఇక్కడి షా వాలెస్ సంస్థతో ఒప్పందం చేసుకున్నా, సెగా కన్సోలు మెగా డ్రైవ్ ధర 18,000 రూపాయలు పలికింది. చెన్నై బర్మా బజారు, బెంగళూరు నేషనల్ మార్కెట్ల వంటి చోట్ల విదేశీ సరుకు దొరికేది. ఆ రెండు నగరాలను కలిపే రైలుదారి మీదే మన బంగారపేట జంక్షన్ ఉంది, కేజీఎఫ్‌కు రైలు చీలేదీ అక్కడే.

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ గనులు మూతపడ్డాయి. బెమెల్ కర్మాగారం మిగిలింది గానీ, వేలమంది రోజూ రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్ళే ఊరైంది కేజీఎఫ్. అలాంటి ఊళ్ళో కంప్యూటరు నేర్వడమంటే బతుకుతెరువు. ఆటలపెట్టెకు డబ్బివ్వని తండ్రి కంప్యూటరుకు అప్పుచేసైనా ఇస్తాడు; పిల్లలు దాని మీదే ‘వైస్ సిటీ’ ఆడుకుంటారు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360ని 2006లో, సోనీ పీఎస్3ని 2007లో 39,990 రూపాయలకు ఇక్కడికి తెచ్చాయి. 2009లో హైదరాబాద్ సంస్థ అరోనా టెక్నాలజీస్ పీఎస్2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసింది. కన్సోలు ఆటను మనవాళ్ళు మొదలుపెట్టి ముగించగలరని చూపిన పని అది; దానికి దక్కవలసినంత పేరు దక్కలేదు.

ప్రభుత్వ లెక్క కూడా ఇంటి పెద్ద లెక్కలాంటిదే. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌కు 18 శాతం, కన్సోలుకు 28 శాతం పన్ను. 2018 డిసెంబరులో జీఎస్టీ మండలి తీసుకున్న నిర్ణయంతో రెండూ సమానమయ్యాయి.

అప్పటికే ఆట ఫోను రూపంలో చేతిలోకి వచ్చేసింది. పబ్‌జీ మొబైల్‌ను ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న నిషేధిస్తే, మరుసటి జూలైలో అది బీజీఎంఐగా తిరిగొచ్చింది. ఫోన్ల తయారీ కూడా మన పక్కకే వచ్చింది: కోలారు దగ్గరి నరసాపురలో తైవాన్ సంస్థ విస్ట్రాన్ పెట్టిన ఐఫోన్ల కర్మాగారం 2023లో టాటాల చేతికి వచ్చింది. చదువు, మాట, చెల్లింపు, ఆట అన్నీ ఒకే యంత్రంలో అడిగే ఇంట కన్సోలుకూ కంప్యూటరుకూ మధ్య తగవు ఫోనుతో తీరిపోయింది.