రేషన్ పోర్టబిలిటీ: బొంతపల్లి ప్రాంతం

కార్డు ఏ ఊరిదైనా, మనిషి ఉన్నచోటే సరుకు తీసుకునే ఆన్‌లైన్ పద్ధతి రేషన్ పోర్టబిలిటీ. సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలంలోని బొంతపల్లికి ఒకప్పుడు వీరభద్రస్వామి గుడి వల్లే పేరు. ఇప్పుడు చుట్టూ మందుల, రసాయనాల కంపెనీలు. బిహార్, ఒడిశా తదితర రాష్ట్రాల కూలీలు ఇక్కడ అద్దె గదుల్లో ఉంటారు. వాళ్ల కార్డులు ఎక్కువగా సొంతూళ్లలోనివే.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం మొదలుపెట్టినప్పుడు కార్డు ఒకే దుకాణానిది, లెక్క డీలర్ పుస్తకానిది. 2013 ఆహార భద్రత చట్టం మనిషికి నెలకు 5 కిలోల హక్కు ఇచ్చింది గానీ, దుకాణం కట్టు తెంచలేదు. తెలంగాణలో వేలిముద్ర చూసి సరుకు ఇచ్చే ఈ-పాస్ యంత్రాలు వచ్చాక 2018లో రాష్ట్రంలో ఎక్కడైనా తీసుకునే వీలు కలిగింది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కార్డులు ఒక రాష్ట్రానివి మరో రాష్ట్రంలో చెల్లడం మొదలైంది. 2022 జూన్‌లో అస్సాం చేరికతో ఈ ఏర్పాటు దేశమంతా పరుచుకుంది.

ఈ విస్తరణ మధ్యలోనే కోవిడ్ లాక్‌డౌన్ వచ్చింది. 2020లో కార్డు లేని వలస కూలీకి తెలంగాణ ప్రభుత్వం 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది. చాలామందికి కార్డు ఉంది, దగ్గర లేదు. అసలు చిక్కు అక్కడే.

ఇప్పుడు కార్డు వెంట ఉండక్కర్లేదు. డీలర్ యంత్రంలో కార్డు నంబరు కొట్టగానే ఇంటిల్లిపాది పేర్లు తెరమీదకొస్తాయి. వేలు ఆనిస్తే ఆధార్‌తో సరిపోల్చుతుంది. ముద్ర పడకపోతే కనుపాప చూపాలి. కూలీ ఇక్కడ తన వాటా మాత్రమే తీసుకుని, మిగతాది ఊళ్లో భార్యకు వదలవచ్చు. అంతా ఇక్కడే ఎత్తేస్తే ఆ నెల ఊళ్లో యంత్రం సున్నా చూపిస్తుంది.

ఇక ఇంటికి తెప్పించుకోవడం సంగతి. అమెరికాలో ఆహార సాయం పొందేవారు 2019 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో మొదలైన ప్రయోగంతో వెబ్‌సైట్లలో కిరాణా కొనడం మొదలుపెట్టారు; డెలివరీ ఖర్చు మాత్రం సొంతమే. ఆంధ్రప్రదేశ్ 2021లో రేషన్ వాహనాలను వీధుల్లోకి పంపి, 2025 జూన్‌లో మళ్లీ దుకాణాలకే మళ్లింది. బొంతపల్లిలో ఆన్‌లైన్ అయింది లెక్కే. సంచి పట్టుకుని దుకాణానికి వెళ్లాల్సిందే. షిఫ్టులు చేసేవారికి అది ఇబ్బందే అయినా, ఊరు మారితే వాటా పోకపోవడం అంతకంటే పెద్ద మేలు. అయితే ఈ మేలు కేంద్ర చట్టం కింది కార్డులకే. రాష్ట్రాలు సొంత ఖర్చుతో ఇచ్చుకున్న కార్డులు సరిహద్దు దాటవు.