ఊదండి సార్

వైట్‌ఫీల్డ్‌లో కుప్పం మెము రైలు ఎక్కాం, అందరం టీచర్లమే. బంగారుపేట దాటిన కాసేపటికి స్టేషన్ బోర్డుల మీద కన్నడం పోయి తెలుగు వస్తుంది. రాష్ట్రం మారిందన్న గుర్తు అదొక్కటే. గుట్టలూ చింతచెట్లూ అవే.

కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్, 172 ఎకరాలు. విదేశాల్లో బ్యాంకు కొలువు వదిలి వచ్చిన రాంజీ రాఘవన్ 1999లో మొదలుపెట్టిన సంస్థ. అప్పట్లో ఈ నేల బీడు. ఇప్పుడు దారి పొడవునా నీడ. ఇక్కడి నుంచే సైన్సు సామాను వ్యాన్లలో, మోటారు సైకిళ్ళ మీద పల్లె బళ్ళకు వెళ్తుంది. మా వైపు చాలా బళ్ళల్లో ల్యాబ్ అద్దాల బీరువాలో భద్రంగా ఉంటుంది, తాళంతో సహా.

లోపల ప్రయోగాల బల్ల వెనక రెండు జడల పిల్ల. ఎనిమిదో తరగతి, సర్కారు బడి. ఇక్కడ పిల్లలే పిల్లలకు చెబుతారు. ఇవాళ టీచర్లం దొరికాం.

రెండు కాగితాలు ఎదురెదురుగా వేలాడదీసి, "మధ్యలో ఊదండి మేడం" అంటుంది. ఊదుతాను. విడిపోతాయనుకున్నవి దగ్గరికొచ్చి టపటపా కొట్టుకుంటాయి.

"బెర్నౌలీ" అంటారు పక్కన ఫిజిక్స్ సారు, హాజరు పిలిచినట్టు.

పిల్ల ఒక కాగితం తీసేస్తుంది. "ఇప్పుడు ఒక పక్కనే ఊదితే, సార్?"

"గాలి జోరుగా ఉన్న వైపు ఒత్తిడి తగ్గుతుంది కదమ్మా. అటే వస్తుంది."

"ఊదండి సార్."

ఊదారు. రాలేదు. ఊపిరి ఎగబీల్చి మళ్ళీ ఊదారు. కింది అంచు కాస్త వణికింది, అంతే. వెనక పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

నోటి నుంచి బయటపడ్డ గాలి ఎంత జోరుగా ఉన్నా, దాని ఒత్తిడి చుట్టూ ఉన్న గాలి ఒత్తిడితో దాదాపు సమానమే. గాలి దారి వంగినప్పుడు ఒత్తిడిలో తేడా పుడుతుంది. వంచి పట్టుకున్న కాగితం మీద ఊదితే లేచేది అందుకే. విమానం రెక్క గురించి కూడా మనం బడిలో బెర్నౌలీ పేరుతోనే చెప్పే కథలో పొరపాటు ఏమిటో కేంబ్రిడ్జ్ ఇంజినీరు హోల్గర్ బాబిన్‌స్కీ 2003లో వివరంగా రాశారు. మన గైడ్లలో ఆ పాత కథే ఇంకా నడుస్తోంది.

సారు కాగితాన్ని వంచి ఊదుతారు. లేస్తుంది. మళ్ళీ ఊదుతారు. భోజనాల గంట కొట్టినా కదలరు.

"మరి ఇందాకటి రెండు కాగితాలూ ఎందుకు కలిశాయమ్మా?"

"మీరు చెప్పండి సార్," అంటూ రెండో కాగితం అందిస్తుంది.