రెసిడెన్సీలో ఎవరుంటారు?

సాహిత్యంలో పరిశోధన చేసినవాళ్లకి ఒక మాట దొరికితే దాని వేళ్లదాకా తవ్వితేగానీ మనసు కుదుటపడదు. కొంతకాలంగా నన్నలా పట్టుకున్న మాట ‘రెసిడెంట్’. హైదరాబాదు చరిత్రలో రెసిడెంటంటే నిజాం దర్బారులో ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి. ఆయన కాపురమున్న కోఠీ భవనం 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ అయింది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇళ్లలోంచి ఎన్ని తరాల అమ్మాయిలు ఆ మెట్లెక్కి చదువుకున్నారో! ఆ మాటకి రెండో అర్థం ఆసుపత్రిలో ఉంది. ఎం.ఎస్. జనరల్ సర్జరీ చేస్తున్న పీజీ డాక్టరు కూడా రెసిడెంటే. అంటే ఆసుపత్రిలోనే కాపురముండే మనిషి. మొదటి రెసిడెన్సీ మన చేతికొచ్చింది. ఈ రెండో దాంట్లో స్త్రీకి చోటెక్కడ?

స్త్రీల ఆరోగ్యం గురించి మనం ‘సవాలక్ష సందేహాలు’ కాలం నుంచీ మాట్లాడుకుంటూనే ఉన్నాం. కానీ ఆ మాటల్లో మనం ఎక్కువగా బల్లమీద పడుకున్నవాళ్లం. బల్ల పక్కన నిలబడి కత్తి పట్టుకున్న స్త్రీ గురించి మాట్లాడుకున్నది తక్కువ.

హైదరాబాద్ మెడికల్ స్కూలు 1846లో మొదలైంది. పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. 1885లో ఎడ్వర్డ్ లారీ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి ఆ స్కూలు బాధ్యత కూడా తీసుకున్నాడు. అదే ఏడు అక్కడ చేరిన అయిదుగురు స్త్రీలలో ఒకరు పార్శీ యువతి రూపాబాయి ఫర్దూన్జీ. 1889లో హకీం పట్టా పుచ్చుకుని, సుల్తాన్‌బజార్‌లోని రెసిడెన్సీ ఆసుపత్రిలో (ఇవాళ అది ప్రసూతి ఆసుపత్రి) రోగులకు క్లోరోఫాం ఇచ్చారు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరుగా ఆమెని చెప్పుకుంటారు. మరింత చదువుకోవాలని 1909లో ఎడింబరో కూడా వెళ్లారు.

ఆ రోజుల్లో క్లోరోఫాం మీద పెద్ద యుద్ధమే నడిచింది. అది ఊపిరిని ఆపి చంపుతుందే తప్ప గుండెనేమీ చెయ్యదని లారీ పట్టుదల. 1888లో, 1889లో రెండు కమిషన్లు వేయించాడు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ని పంపమని ఆరో నిజాం ‘లాన్సెట్’ పత్రికకి వెయ్యి పౌన్లిచ్చాడు. వందల కుక్కలూ కోతులూ ఆ ప్రయోగాల్లో చచ్చిపోయాయి. చివరికి 1911లో గుడ్‌మన్ లెవీ చూపించింది వేరు: తక్కువ మత్తులో క్లోరోఫాం గుండె లయనే చెదరగొట్టి చంపగలదు. లారీ సిద్ధాంతం నిలబడలేదు. ఆ సిద్ధాంతం నీడలో పని నేర్చుకున్న స్త్రీ పేరు మాత్రం నిలిచింది.

రూపాబాయి గురించి గర్వపడదాం, తప్పకుండా. అయితే ఆమె నిలబడ్డ చోటుని కూడా చూడాలి. ఆమె రోగి తల దగ్గర నిలబడ్డారు. కత్తి ఉన్న వైపు కాదు. అదే కాలంలో అమెరికాలో మేయో సోదరుల దగ్గర ఆలిస్ మెగా అనే నర్సు 14 వేలకు పైగా రోగులకు మత్తిచ్చి, మత్తువల్ల ఒక్కరూ చనిపోలేదని 1906లో ప్రకటించింది. సర్జన్లు ఆమెని మెచ్చుకున్నారు. మెచ్చుకోవడం తేలిక. ఓపికగా ఊపిరిని కనిపెట్టి చూడటం ఆడవాళ్ల గుణమని అప్పటికే తీర్మానమైపోయింది కదా.

కత్తి చేతికిచ్చే పద్ధతి 1889లోనే, బాల్టిమోర్‌లో కొత్తగా తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మొదలైంది. విలియం హాల్‌స్టెడ్ శిష్యులు ఆసుపత్రిలోనే ఉండాలి, పెళ్లి ఊసెత్తకూడదు, ఎన్నేళ్లు పడుతుందో గురువు చెప్పాలి. చాలామంది కింద మొదలై ఒక్కడే పైకి చేరే పిరమిడ్ అది. పైకి చేరిన 17 మందీ మగవాళ్లే. విచిత్రమేమిటంటే, అక్కడి మెడికల్ స్కూలు 1893లో తెరుచుకోగలిగిందే మేరీ గారెట్ వంటి స్త్రీలు డబ్బు పోగుచేసి, ఆడపిల్లల్ని సమానంగా చేర్చుకోవాలని షరతు పెట్టినందువల్ల. మన గెర్ట్రూడ్ స్టయిన్ అక్కడే నాలుగేళ్లు చదివి పట్టా లేకుండా బయటికొచ్చింది (సాహిత్యానికి అది లాభమే). ఇంకో మాట. నిద్రాహారాలు మానిన ఆదర్శ సర్జన్‌గా మనకి చూపించే హాల్‌స్టెడ్ కొకెయిన్‌కీ ఆ తర్వాత మార్ఫిన్‌కీ బానిస.

బ్రహ్మచారి మగవాడి కోసం కొలిచి కుట్టిన ఆ చొక్కానే ఇవాళ మన అమ్మాయిలు తొడుక్కుంటున్నారు. అశోక్‌నగర్‌లో మా పక్క వాటాలో ఉండే అమ్మాయి సర్జరీ పీజీ. చుట్టూ గదుల్లో గ్రూపులకి చదివేవాళ్లు లైబ్రరీకి బయల్దేరే వేళకి ఈమె రాత్రి డ్యూటీ నుంచి వస్తుంది, లేకపోతే అప్పుడూ రాదు. “నన్ను అందరూ గైనిక్ తీసుకోమన్నారక్కా. పెళ్లయ్యాక కష్టమన్నారు,” అంది. రోగుల బంధువులకి ఆమె ‘సిస్టర్’. థియేటర్లో ‘డాక్టర్లు’ అని బోర్డున్న గదిలో మగవాళ్లు బట్టలు మార్చుకుంటారు, ఈమె నర్సుల గదికి పోవాలి.

ఇవి పైకి కనిపించేవి. అసలు సంగతి ‘కేసు ఇవ్వడం’. సర్జరీ పుస్తకంలో రాదు. మొదటి ఏడు డ్రెస్సింగులు మార్చి, గంటలకొద్దీ రిట్రాక్టర్ పట్టుకుని నిలబడాలి. తర్వాత ఒకరోజు యూనిట్ చీఫ్ కత్తి చేతికిచ్చి, తను ఎదుటివైపు నిలబడాలి. ఇవ్వకపోతే మూడేళ్లు గడుస్తాయి, పట్టా వస్తుంది, చెయ్యి రాదు. ఎవరికి ఎప్పుడివ్వాలన్నది ఏ రూలులోనూ ఉండదు. టీ దగ్గర, అర్ధరాత్రి క్యాంటీన్‌లో, స్కూటర్ వెనక సీట్లో అది తేలిపోతుంది. అక్కడ ఈమె ఉండదు. అమెరికాలో జరిగిన కొన్ని అధ్యయనాల్లో కూడా ఆడ రెసిడెంట్లకి థియేటర్లో స్వేచ్ఛ తక్కువ దొరుకుతోందనే తేలింది. వివక్ష అంటే తిట్టడమే అనుకునేవాళ్లకి ఇది కనపడదు.

పని గంటల మీద 1992లోనే కేంద్రం రెసిడెన్సీ పథకం కింద ఉత్తర్వు ఇచ్చింది: ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని. 2024 ఆగస్టు 9న కలకత్తా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో సుదీర్ఘమైన డ్యూటీ మధ్య సెమినార్ హాల్లో నడుంవాల్చిన పీజీ డాక్టర్ మీద అత్యాచారం చేసి చంపేశాక, 36 గంటల డ్యూటీల అమానుషత్వం సుప్రీంకోర్టులో చర్చకొచ్చింది. కాపురముండమన్న ఆసుపత్రి ఆమెకి తలుపున్న గది ఇవ్వలేదు.

పక్క వాటా అమ్మాయికిప్పుడు మూడో ఏడు. మొన్న జూనియర్ అమ్మాయి చేతికి ఒక చిన్న కేసు ఇప్పించి, తను రిట్రాక్టర్ పట్టుకుని నిలబడిందట. డ్యూటీ గదికి లోపల్నించి గడియ పెట్టించమని రాసిన అర్జీ మీద నలుగురం కూర్చుని తెలుగు సరిచేశాం. జవాబింకా రాలేదు.