హృత్తాపనాశిని: తిరువళ్లూరు, తిరుత్తణి సీమలలో నాదము, హృద్రోగము

తిరువళ్లూరున వెలసిన శ్రీ వీరరాఘవస్వామిని ఆ ప్రాంతపు ప్రజలు వైద్య వీరరాఘవస్వామి యని కొలుచుచుందురు. రోగపీడితులును, వారి బంధువులును అమావాస్యనాడు వచ్చి, కోనేట మునిగి, బెల్లపు ముక్కను ఆ నీట విడుచుదురు. బెల్లము కరగినట్లు రోగము కరగిపోవలెనని వారి ప్రార్థన. ఆ కోనేటి పేరు హృత్తాపనాశిని. హృదయతాపమును బాపునది యని యర్థము. ఈ ఆలయము అహోబిల మఠము వారి పాలనలో నున్నది. అహోబిలము తెలుగునాటి దివ్యక్షేత్రమగుటచే, ఈ కోనేటితో మన వారికి గల సంబంధము నేటిది కాదు.

ఈ పేరు పెట్టిన పూర్వులు హృదయతాపమని చెప్పినది మనోవ్యథనా, గుండెజబ్బునా యని అడుగువారు కలరు. ఆ రెండును వేర్వేరనుట ఇటీవలి మాట. భయము హెచ్చిన నాడి హెచ్చుట, దుఃఖము కలిగిన గుండె బరువెక్కుట అందరి యనుభవమే. ఆ భయమును తగ్గించుటకు మన ప్రాంతమున అనాదిగా వాడిన సాధనము గానము. దాని చరిత్రను, దానిని గూర్చి నేటి వైద్యులు కనుగొన్న విషయములను ఒకచోట చేర్చి చూపుట మా యుద్దేశము. మేము వైద్యులము కాము. సంగీత విద్వాంసులమును కాము. కచేరీలో లెక్కలు వ్రాసి విశ్రాంతి పొందినవారము. కావున లెక్కకు నిలుచు మాటను, నిలువని మాటను వేరుచేసి చెప్పుటకు ప్రయత్నింతుము.

తిరుత్తణి సంగీత చరిత్రలో సుప్రసిద్ధమైన స్థలము. 1775లో తిరువారూరున జన్మించిన ముత్తుస్వామి దీక్షితులు కాశీయాత్ర ముగించుకొని వచ్చిన పిమ్మట తిరుత్తణి కొండను సేవించిరి. అచ్చట ధ్యానములో నుండగా సుబ్రహ్మణ్యస్వామి వృద్ధరూపమున వచ్చి, వారి నోట కలకండ యుంచి యదృశ్యుడాయెనని ఐతిహ్యము. వెంటనే వారు మాయామాళవగౌళ రాగమున తమ తొలి కృతిని పాడిరి. గురుగుహ యను ముద్ర అచ్చటనే పుట్టినది. ఈ దీక్షితుల సంప్రదాయమును భద్రపరచిన మహాగ్రంథము ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. సుబ్బరామ దీక్షితులు దీనిని 1904లో ఎట్టయపురమున ప్రకటించిరి. తమిళదేశపు దక్షిణ భాగమున ముద్రింపబడిన ఆ గ్రంథము తెలుగున నున్నదని మన పిల్లలకు చెప్పవలెను.

ఆ కాలమున తిరుత్తణి కార్వేటినగరము జమీందారీలోనిది. ఆ సంస్థానమునందే సారంగపాణి వేణుగోపాలుని పేర తెలుగు పదములు రచించెను. పొరుగుననున్న కాళహస్తి సంస్థానమున మునిపల్లె సుబ్రహ్మణ్యకవి అధ్యాత్మ రామాయణ కీర్తనలను కూర్చెను. ఈ కీర్తనలు విద్వాంసుల నోటనే నిలువలేదు. వంటయింట, ఊయల చెంత, రోగి మంచము ప్రక్కన స్త్రీలు పాడుకొనిరి. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరిన తిరుత్తణి, 1953లో ఆంధ్ర రాష్ట్రమున నుండి, పటాస్కరు గారి తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రమున కలిసినది. సరిహద్దు గీత కదలినది గాని పాటలు కదలలేదు. తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఆంగ్ల సంవత్సరము ముగియు రాత్రి మెట్టు మెట్టుకు నిలిచి తిరుప్పుగళ్ పాటలు పాడుచు భక్తులు కొండ నెక్కుదురు. తెలుగువారును, తమిళులును కలిసి నడచు మెట్లవి. మెట్టుకొక పాట యనగా మెట్టుకొక విశ్రాంతి యని గ్రహింపవలెను. అయినను గుండెజబ్బు గలవారు వైద్యుని యడిగి గాని మెట్లెక్కరాదు. వారికి కొండపైకి మోటారు దారి యున్నది.

గానమునకు, గుండెకు గల సంబంధమును మన శాస్త్రకారులు ముందే తలచిరి. 13వ శతాబ్దమున దేవగిరిలో నుండిన శార్ఙ్గదేవుడు తన ‘సంగీతరత్నాకరము’న మంద్రస్థాయికి హృదయమును, మధ్యస్థాయికి కంఠమును, తారస్థాయికి శిరస్సును స్థానములుగా చెప్పెను. త్యాగరాజస్వామి జగన్మోహిని రాగ కృతియందు సప్తస్వరములు నాభి, హృదయము, కంఠము మొదలగు స్థానముల శోభిల్లుటను కీర్తించిరి. మన తెలుగు వైద్యులకు ప్రమాణమైన ‘బసవరాజీయము’ నాడీపరీక్షకు మొదటనే ప్రాముఖ్యము నిచ్చినది. మణికట్టున వ్రేలుంచి నాడి నడకను వినుట వైద్యునికి ఒక విధమైన తాళజ్ఞానమే.

ఇతర దేశములందును ఇట్లే జరిగినది. క్రీస్తునకు పూర్వము మూడు వందల యేండ్ల ప్రాంతమున అలెగ్జాండ్రియాలోని హీరోఫిలస్ అను వైద్యుడు నాడి గతిని సంగీత లయలతో పోల్చి వివరించెను. 1816లో ఫ్రాన్సున లెన్నెక్ అను వైద్యుడు స్టెతస్కోపును కనుగొనెను. ఆయన పిల్లనగ్రోవి వాయించువాడు, దానిని స్వయముగా చెక్కుకొనువాడు. ఆయన తొలి స్టెతస్కోపు కూడ చెక్కతో చేసిన గొట్టమే. 1880లో రష్యా దేశీయుడగు డోగెల్ అను శాస్త్రజ్ఞుడు సంగీతము వినునప్పుడు రక్తప్రసారము మారునని యంత్రములతో కొలిచి ప్రకటించెను.

ఇక మన ఐతిహ్యములను చూతము. త్యాగరాజస్వామి తిరుపతి యాత్రా సందర్భమున బావిలో పడి మరణించిన యొకనిని బిలహరి రాగ కృతిచే బ్రతికించిరని చెప్పుదురు. దీక్షితులు తమ శిష్యుడగు తంబియప్పన్ కడుపునొప్పి తీరుటకై గురుగ్రహముపై అఠాణా రాగమున కృతి రచించి పాడించిరని చెప్పుదురు. ఈ కథలు మహాత్ములపై ప్రజలకు గల భక్తిని తెల్పును. వానిని చికిత్సా విధానముగా తీసికొనుట తగదు. ఊపిరాగిన వానికి నేడు చేయవలసినది ఎదురొమ్మును లయ తప్పక గట్టిగా నొక్కుట. వెంటనే సహాయమును పిలుచుట. ఈ రాగము ఈ రోగమునకు మందని అచ్చువేసి అమ్ము పట్టికలు నేడు విరివిగా దొరకుచున్నవి. వానిని నమ్మి మాకు తెలిసిన యొక పెద్దమనిషి రక్తపోటు మాత్రలను మానివేసి, ఉదయము సాయంకాలము వీణానాదము వినుచు కూర్చుండెను. కొలది నెలలలోనే పక్షవాతము పాలయ్యెను. వీణది దోషము కాదు. మాత్ర చేయవలసిన పనిని వీణకు అప్పగించుటయే దోషము.

అటులైన సంగీతము చేయు పని యేది? దానిని ఆసుపత్రులలో కొలిచి చూచినవారు కలరు. 1989లో అమెరికాలో గుజెట్టా యను పరిశోధకురాలు గుండెపోటు వచ్చినదని యనుమానముతో చేర్చుకొన్న 80 మంది రోగులను మూడు భాగములుగా చేసిరి. కొందరికి విశ్రాంతి పద్ధతి నేర్పిరి, కొందరికి సంగీతము వినిపించిరి, మిగిలినవారికి మామూలు చికిత్స మాత్రము జరిపిరి. మొదటి రెండు వర్గముల వారికి గుండె వేగము తగ్గినది, చేతివ్రేళ్ల వెచ్చదనము హెచ్చినది. భయము తగ్గిన శరీరమున రక్తనాళములు సడలి వ్రేళ్లకు రక్తము బాగుగా చేరుటయే ఇందుకు కారణము.

2001లో ఇటలీకి చెందిన బెర్నార్డీ గారును, వారి మిత్రులును 23 మందిచే క్రైస్తవుల జపమాల ప్రార్థనను, బౌద్ధ మంత్రమును చదివించి చూచిరి. రెండింటను ఊపిరి నిమిషమునకు ఆరు పర్యాయములకు దిగినది. రక్తపోటును సరిదిద్దు శరీరవ్యవస్థ యొక్క సహజమైన లయ కూడ సుమారుగా అంతే. రెండు లయలు కలిసినప్పుడు ఆ వ్యవస్థ చురుకుగా పనిచేసినది. మన భజనగోష్ఠిలో దీర్ఘముగా నామము పలికి, మరల ఊపిరి తీసికొనుటను తలచుకొన్నచో ఈ విషయము సులభముగా బోధపడును.

2006లో అదే బెర్నార్డీ గారు 24 మంది ఆరోగ్యవంతులకు పలు విధములైన సంగీతమును వినిపించిరి. అందు భారతీయ రాగమును కలదు. సంగీతపు జాతి కంటె దాని కాలప్రమాణమే ముఖ్యమని తేలినది. ద్రుతకాలమున నాడి, ఊపిరి, రక్తపోటు హెచ్చినవి, విలంబకాలమున శాంతించినవి. అన్నిటికంటె వింత యేమనగా, నడుమ రెండు నిమిషములు సంగీతము నాపినప్పుడు ఈ మూడును మొదటి కొలత కంటెను క్రిందికి దిగినవి. పాట తరువాతి మౌనము గూడ చికిత్సలో భాగమే యన్నమాట. మంగళము పాడి హారతి చూచి కొంతసేపు మాటాడక కూర్చుండుటను మన పెద్దలు అలవరచుకొన్నారు. పాట ముగియక మునుపే దూరదర్శని పెట్టు నేటి వారికి ఆ లాభము లేదు.

ఇది జరుగు తీరు కష్టమైనది కాదు. గుండె మన యిచ్ఛతో నిమిత్తము లేక తనంత తాను కొట్టుకొనును. అయినను మెదడునుండి వచ్చు రెండు జాతుల నరములు దానిని నడపును. ఒకటి కళ్లెము వంటిది, ఇంకొకటి కొరడా వంటిది. భయము కొరడాను ఝళిపించును. విలంబ గానము, నిదానమైన ఊపిరి కళ్లెమును పట్టును. గుండెపోటు వచ్చినవానికి కొరడా దెబ్బలు మిక్కిలి హానికరములు. వేగము హెచ్చిన గుండె ప్రాణవాయువు నెక్కువగా కోరును; పూడుకొనిన నాళము దాని నీయజాలదు. కావుననే భయమును తగ్గించుట వైద్యులకును కావలసిన పని.

ఈ జాతి పరిశోధనలను ఒకచోట చేర్చి తూచిన కాక్రేన్ సంస్థ వారి సమీక్ష 2013లో వెలువడినది. 26 పరిశోధనలు, 1369 మంది రోగులు అందు చేరిరి. సంగీతము వినుటచే ఆందోళన కొంత తగ్గుననియు, ముఖ్యముగా గుండెపోటు వచ్చినవారికి మేలు కలుగుననియు, నాడి, ఊపిరి, రక్తపోటు కొలది మాత్రము దిగుననియు వారు తేల్చిరి. సాక్ష్యము అంత బలమైనది కాదనియు నిజాయితీగా చెప్పిరి. పూడిన నాళమును సంగీతము తెరవదు, మందును తొలగింపదు. అయితే వారి సమీక్షలోని యొక మాట మన సంఘమువారు పదిలముగా దాచుకొనదగినది. ఏ సంగీతము వినవలెనో రోగియే కోరుకొన్నప్పుడు ఆందోళన ఎక్కువగా తగ్గునట.

ఈ మాట మన యిండ్లకు తగులుచున్నది. తిరుత్తణిలో కోడలుగా అడుగిడి, మనుమరాండ్రను చూచిన యొక పెద్దమ్మగారు గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరిరి. దయగల నర్సు ఆమెకు తమిళ సినిమా పాటలు వినిపించెను. ఆమె చేతితో వద్దని చూపి, అధ్యాత్మ రామాయణ కీర్తన పాడుమని కూతురి నడిగెను. కూతురికి పల్లవి మాత్రము వచ్చును. మనుమరాలికి ఆ పేరే తెలియదు. ఆమెను చూచిన వైద్యులు సమర్థులు, మందులు మంచివి. ఆమె కోలుకొని యింటికి వచ్చినది. అయినను ఆ రాత్రి ఆమె కోరిన మందు ఒకటి ఇంటిలో అయిపోయి యుండెను. తెలుగు వ్రాయ చదువ నేర్చిన పిల్లలు నేడు మన కుటుంబములలో అరుదు. లిపి పోయిన పిమ్మట మిగులునది పాట. పాటయు పోయినచో రోగి కోరికకు బదులు చెప్పువారుండరు.

కావున మేము సంఘ సభ్యులకు మనవి చేయునది స్వల్పము. ఇంట అరువది దాటినవారిని వారికి ప్రియమైన పాటలేవో నేడే యడిగి వ్రాసి యుంచుడు. తెలుగు లిపి రానివారు తమిళ లిపిలోనైనను వ్రాసికొనవచ్చును. వారు పాడగలిగియున్నప్పుడే వారి గొంతును ఫోనులో భద్రపరచుడు. పిల్లలకు ఏడాదికి రెండు కీర్తనలైన వచ్చునట్లు చూడుడు. రోగికి వినిపించునప్పుడు వైద్యుని యనుమతి గైకొని, మెల్లగా, విలంబముగా, అర్ధగంటకు మించక వినిపించి, పిమ్మట కొంతసేపు నిశ్శబ్దముగా నుంచుడు. మాత్రలను మాత్రము మానరాదు. రొమ్మున బిగువు, ఎడమచేతికిగాని దవడకుగాని ప్రాకు నొప్పి, చెమట పట్టుట కనబడినచో పాట కొరకు వెదుకక 108కి ఫోను చేయుడు. ఆ సేవ ఆంధ్రప్రదేశమున 2005లో మొదలై, తమిళనాట 2008లో వచ్చినది. సరిహద్దుకు ఇరువైపుల ఆ సంఖ్య యొక్కటే.

తిరువళ్లూరు కోనేట బెల్లము విడిచినవారు వైద్యుని కడకు పోవలదని ఏ పెద్దలును చెప్పలేదు. దేవుని వైద్యుడని పిలిచినవారు వైద్యుని తక్కువ చేయలేదు గదా. మందు గుండెను కాపాడును, పాట ఆ గుండె గలవానిని ఓదార్చును. ఈ రెండింటికిని మన యిండ్లలో చోటు కలుగుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.