ట్రాన్సిల్వేనియా కంపెనీ

ట్రాన్సిల్వేనియా కంపెనీ ఉత్తర అమెరికాలో ఇప్పటి కెంటకీ, టెనెసీ రాష్ట్రాల పరిధిలో సుమారు 2 కోట్ల ఎకరాలు తనవేనని 1775లో చాటుకున్న భూవ్యాపార సంస్థ. ఉత్తర కరోలినాలో జడ్జిగా పనిచేసిన రిచర్డ్ హెండర్సన్ దీనికి సారథి. యూరప్‌లోని ట్రాన్సిల్వేనియాతో దీనికి సంబంధం లేదు.

1775 మార్చిలో వటాగా నది ఒడ్డున, సికమోర్ షోల్స్ వద్ద, హెండర్సన్ ఆ భూమి కోసం చెరోకీ ఆదివాసుల పెద్దలతో బేరం కుదుర్చుకున్నాడు. అటకులకుల, ఓకొనొస్టోటా వంటి వృద్ధ నాయకులు అమ్మకానికి ఒప్పుకున్నారు. ప్రతిఫలం 10,000 పౌండ్లు అన్నారు గాని, అందులో అధిక భాగం సరుకుల రూపంలోనే ముట్టింది. అటకులకుల కొడుకు డ్రాగింగ్ కెనూ మాత్రం ఈ అమ్మకాన్ని గట్టిగా ఎదిరించాడు. తర్వాత తన వాళ్లతో చికమాగా ఏటి ప్రాంతానికి తరలిపోయి, 1792లో చనిపోయేదాకా వలసదారులతో పోరు సాగించాడు.

ఈ కొనుగోలుకు చట్టబలం లేదు. ఆదివాసుల భూమిని ప్రైవేటు వ్యక్తులు కొనకూడదని బ్రిటిష్ రాజు 1763లోనే శాసించాడు. వర్జీనియా, ఉత్తర కరోలినా గవర్నర్లిద్దరూ ఇది చెల్లదని ప్రకటించారు. అంతకన్నా పెద్ద అన్యాయం మరొకటుంది. ఆ అడవుల్లో వేటాడి బతికే షానీ ప్రజలకు ఈ బేరంలో చోటే లేదు.

సంతకాలు పడకముందే, హెండర్సన్ పంపగా, డేనియల్ బూన్ సుమారు 30 మందితో కంబర్లాండ్ కనుమ మీదుగా దారి నరకడానికి బయలుదేరాడు. వైల్డర్నెస్ రోడ్ అలా మొదలైంది. ఏప్రిల్‌లో కెంటకీ నది పక్కన బూన్స్‌బరో కోట పని ప్రారంభమైంది. మే 23న నాలుగు ఊళ్ల ప్రతినిధులు అక్కడ ఒక పెద్ద ఎల్మ్ చెట్టు కింద సమావేశమై, కోర్టులు, స్థానిక సేన, వేట వంటి విషయాలపై చట్టాలు చేశారు. అయితే కంపెనీ కన్నా ముందే, 1774లో, హారడ్స్‌బర్గ్‌లో దిగినవారికి హెండర్సన్ దొరతనం నచ్చలేదు. వారు జార్జ్ రోజర్స్ క్లార్క్‌ను తమ తరఫున వర్జీనియాకు పంపారు. 1776 డిసెంబరులో వర్జీనియా ఆ ప్రాంతాన్ని తన కెంటకీ కౌంటీగా ఏర్పాటు చేసింది. రెండేళ్లకు బ్లాక్‌ఫిష్ నాయకత్వంలో షానీలు బూన్స్‌బరోను ముట్టడించారు గాని, కోట లొంగలేదు.

1778లోనే వర్జీనియా హెండర్సన్ కొనుగోలును రద్దు చేసి, పరిహారంగా గ్రీన్ నది వద్ద 2 లక్షల ఎకరాలు కంపెనీకి ఇచ్చింది. ఉత్తర కరోలినా 1783లో మరో 2 లక్షల ఎకరాలిచ్చింది. క్రయం చెల్లనిదైతే నేల అమ్మినవారికి తిరిగి చేరాలి. చెరోకీలకు ఒక్క ఎకరం కూడా తిరిగి రాలేదు. పరిహారమంతా చట్టాన్ని దాటి కొన్నవారికే దక్కింది. కెంటకీ 1792లో ప్రత్యేక రాష్ట్రమైంది. దారి వేసిన బూన్ కూడా పట్టా తగాదాల్లో తన భూములు పోగొట్టుకుని 1799లో మిస్సోరీకి వలసపోయాడు.