చాటింపు నుంచి చేతిఫోను దాకా

సరుకు గురించి నలుగురికీ చాటడం గోదావరి సీమకు కొత్త కాదు. చాటే సాధనం ఎవరి చేతిలో ఉందన్నదే చరిత్రలో మారుతూ వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మిగులు ధాన్యం పెరిగింది, పడవలు కాలువలెక్కాయి. ఊళ్ళో చాటింపు మాత్రం దళితుడైన వెట్టివాడిదే. గొంతు అతనిది, మాట కరణానిదో మునసబుదో.

అచ్చుతో వర్తకుడే సాధనానికి యజమాని కాగలిగాడు. పొరుగు కృష్ణా జిల్లాలో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం ఆరంభించి, 1908లో అక్కడే ఆంధ్రపత్రిక స్థాపించారు. మందు లాభం పత్రికను పోషించింది.

నేటి ఆత్రేయపురం చూడండి. బోర్లించిన కుండపై స్త్రీలు తీసే పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆర్డర్లు ఇప్పుడు వాట్సాప్‌లోనూ వస్తాయి. ఆ వాట్సాప్‌ను 2014లో ఫేస్‌బుక్ కొనేసింది. 2018లో వ్యాపారుల కోసం వేరే యాప్ వెలువడింది. ఫేస్‌బుక్‌లో ఏ ప్రకటన ఎవరికి కనిపించాలో క్షణంలో వేలం తేలుస్తుంది. వేలమంటే మనకు చేపల చెరువులు గుర్తొస్తాయి. ఇక్కడ పాటకు పెట్టింది చూసేవాడి కన్ను! ఎవరు ఏది, ఎంతసేపు చూశారన్న లెక్క కాలిఫోర్నియా కంపెనీది. దుకాణదారుకు చేరేది అందులో ఒక ముక్క. కుండ దగ్గర సెగకు కూర్చున్న స్త్రీకి అదీ చేరదు.