తెలుగు నేర్చిన మేత్రాణులు

మడివాళ సమీపముననున్న సెయింట్ జాన్స్ వైద్యకళాశాలను ఎరుగని తెలుగువారు బెంగుళూరులో అరుదు. 1963లో అది స్థాపింపబడిననాటికి ఈ నగరపు ఆర్చిబిషప్పు మన తెలుగువారే. గుంటూరునుండి 1942లో ఈ పీఠమునకు వచ్చిన పోతకమూరి థామస్ గారు వారు. ఈ దేశీయుడు బిషప్పగుట నేడు మనకు వింతగాదు. పందొమ్మిదవ శతాబ్దమున మాత్రము అది బహు కొద్దిమందికి తోచిన మాట. ఆ మాటను బలపరచిన క్లెమాన్ బొన్నాన్ చరిత్రమును ఇచ్చట స్మరింపదలచితిమి.

ప్రతి బిషప్పును గురువిద్యాలయమును నెలకొల్పవలెనని ట్రెంటు మహాసభ 1563లో శాసించెను. మిలాను పీఠాధిపతి చార్లెస్ బొర్రోమియో ఆ శాసనము నాచరణలో పెట్టి, విచారణలను స్వయముగా దర్శించి, సభలు జరిపి, గురువుల నడవడిని దిద్దెను. ఆ సంప్రదాయమును మన దేశమునకు తెచ్చినవారిలో బొన్నాన్ ముఖ్యుడు.

ఆయన 1796లో ఫ్రాన్సున జన్మించెను. 1824లో పుదుచ్చేరికి బయలుదేరి వచ్చి, పిమ్మట ఫిరంగిపురము ప్రాంతమున తెలుగు క్రైస్తవుల నడుమ పనిచేసి, వారి భాషను నేర్చెను. 1833లో బిషప్పై, 1836లో పుదుచ్చేరి మిషను భారమును వహించెను.

ఆనాడు దేశీయ గురువులు విదేశీయులకు సహాయకులుగా మాత్రమే ఉండుట వాడుక. 1844లో బొన్నాన్ పుదుచ్చేరిలో జరిపిన సభ దేశీయ గురువుల శిక్షణమును, బాలబాలికల చదువును ప్రధానాంశములుగా గ్రహించెను. సభా నిర్ణయములను లూకే అను గురువు రోమునకు కొనిపోయెను. మరుసటి యేట రోమునుండి వెలువడిన ఆదేశము ఆ వాడుకను తప్పుపట్టి, దేశీయులను బిషప్పు పదవికి సైతము తగినవారినిగా తీర్చవలెనని పలికెను.

ఆదేశమునకును ఆచరణకును నడుమ దూరము మెండు. భారతదేశ మిషనుల తనిఖీకై నియుక్తుడైన బొన్నాన్ ఆ పని ముగియకమునుపే 1861లో కాశిలో కన్నుమూసెను. మిగిలిన తనిఖీని మైసూరు బిషప్పు షార్బొన్నో పూర్తిచేసెను. ఆధునిక కాలమున లాటిన్ సంప్రదాయపు తొలి భారతీయ బిషప్పుగా తిబుర్షియస్ రోషుగారు తూత్తుకుడికి నియుక్తులగునప్పటికి 1923 వచ్చెను. పుదుచ్చేరి సభకు అప్పటికి డెబ్బదితొమ్మిదేండ్లు. అటుపిమ్మట 1940లో గుంటూరు పీఠమునకు థామస్ గారు వచ్చిరి.

విత్తిన చేయి పంటను చూడలేదు. తన పీఠమున రేపు ఈ నేలవాడు కూర్చుండవలెనని తలచి, అందుకై బడులను, గురువిద్యాలయములను పెంచిన యధికారి అరుదు. పరభాషను నేర్చిన వినయమే ఆయనకు ఈ చూపు నిచ్చెనని మాకు తోచుచున్నది. కన్నడదేశమున కాపురముండి పొరుగుభాషను నేర్చుకొనుచున్న మనకు ఆ చరిత్రము దగ్గరిదే.